లోయవైపు జరిగిన గుర్రం

ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. పొయ్యి పక్కన చోటుంది, ఆ పీట ఇటు లాక్కోండి. గొంతు పెంచి చెప్పగలిగిన సంగతి కాదిది. చెప్పేటప్పుడు పక్కన నలుగురుంటే నాకూ కాస్త ధైర్యంగా ఉంటుంది.

మాది డుంబ్రిగుడ సంతకు పైన, కొండ మీద ఊరు. జీపు కింద వాగు దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి రేషన్ డిపో బియ్యమైనా, సిమెంటు బస్తా అయినా, గ్యాసుబండ అయినా గుర్రం వీపు మీద పైకి రావాల్సిందే. మా కాఫీ, మిరియాలు కిందికి దిగేదీ దాని వీపు మీదే. మా ఇంటి గుర్రం బూడిదరంగు ఆడది. పొట్టిది, పొట్ట జారినది. దాన్ని చూసి ఎవరూ పందెపు గుర్రం అనరు. కానీ చైత్రంలో మా వేట పండగ, ఇటుకల పండగ రోజుల్లో మా చుట్టుపక్కల కొండ ఊళ్ళవాళ్ళు ఈ బరువులు మోసే గుర్రాల్నే పరిగెత్తిస్తారు. జీను ఉండదు. గోనెపట్ట మడిచి వీపు మీద వేసుకుని, పగ్గం చేతబట్టి ఎక్కడమే. గెలిచినవాడికి ఒక మేకపోతు, ఆ ఏడాదంతా సంతలో మంచి పేరు.

బరువులు మోసే గుర్రానికి ఒక అలవాటుంది, ముందే చెప్పాలి. కొండను చెక్కి తీసిన బాటలు కదా మావి. ఒకవైపు రాయి, ఒకవైపు లోయ. రాతివైపు నడిస్తే బస్తా రాతికి రాసుకుని గుర్రం తూలిపోతుంది. అందుకని అది తనంతట తానే లోయ అంచుకు జరిగి నడుస్తుంది. కొత్తవాళ్ళు చూస్తే కళ్ళు మూసుకుంటారు. మలుపు వచ్చినప్పుడు వెనక నడిచేవాడు పగ్గం కాస్త లోపలికి లాగి పెడతాడు. అది గుర్రానికీ తెలుసు, మనిషికీ తెలుసు.

ఈ సంగతి జరిగిన ఏడాది పందెంలో మా గుర్రమెక్కినవాడు మా పెద్ద కొడుకు. పెళ్ళీడుకొచ్చినవాడు, నవ్వితే ఊరంతా వినిపించే మనిషి. నేను మిగతా ఆడవాళ్ళతో కలిసి మలుపుకు పైనున్న బండమీద నిలబడ్డాను. గిట్టల చప్పుడు ముందు వచ్చింది, తర్వాత ఎర్రటి దుమ్ము, ఆ దుమ్ములోంచి మా బూడిదగుర్రం మెడ. నేను అరిచాను, అందరం అరిచాం. అప్పుడే లోయవైపునుంచి అవతలి ఊరి కుర్రాడి గుర్రం మా దాని పక్కకు వచ్చి కలిసింది. రెండూ కలిసే మలుపు తిరిగాయి.

మా గుర్రం అంచుకు జరిగింది. వీపుమీద బస్తాలున్నట్టే, నింపాదిగా, రోజూ జరిగినట్టే జరిగింది.

అవతలి గుర్రం ముందుకాళ్ళు బాట దాటిపోయాయి. అది ఎలాగో గింజుకుని పైకి వచ్చేసింది. కుర్రాడు రాలేదు. కింద పొదల్లో ఏదో విరిగిన చప్పుడు. అది కొమ్మ అనుకోవాలనుకున్నాను. ఆడవాళ్ళమంతా బండ దిగి మలుపుకేసి పరిగెత్తాం.

వాణ్ణి పొదల్లోంచి పైకి తీసి, డోలీలో మోసుకుని దించారు. వాగు దగ్గరికి అంబులెన్సు వస్తుందని ఎవరో ఫోన్ చేసి చెప్పారు. వాడి తల్లి డోలీ వెనకే నడుస్తోంది. ఏడవడం లేదు. మా దగ్గరికి వచ్చాక ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూసింది.

"మీ గుర్రానికేటీ అవనేదు కదా, అమ్మా?" అంది.

అంతే అని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండును.

ఆ రోజునుంచి మా ఇంట్లో భయం కాపురం పెట్టింది. మా కొండమీద గుర్రప్పందెంలో ఒకరు పడిపోతే, రెండూళ్ళ పెద్దలూ పంచాయితీకి కూర్చునేదాకా పడదోసిన గుర్రాన్ని విప్పకూడదు. మలుపు దగ్గర బాటకు ముళ్ళకంప అడ్డం వేసేశారు, గిట్టల గుర్తులు చెరిగిపోకుండా. సంతకెళ్ళేవాళ్ళందరూ చుట్టుదారిన దిగాల్సి వచ్చింది. దిగేటప్పుడల్లా మా ఇంటివైపు చూసి మరీ దిగేవారు.

"ఏటే, నీ కొడుకు గెలిసినాడంట గదా, మేకపోతేదీ? కూరొండితే మాకూ సెప్పు," అంది పక్కింటావిడ ఒకనాడు, కావాలనే గట్టిగా.

నేను తలుపు దగ్గరికి వేసుకున్నాను. మాటొస్తే వెనకాల ఏడుపొస్తుందని భయం.

మా ఇంటాయన పొద్దున్నే లేచి, ఫోనుకు సిగ్నలు దొరికే బండమీదకెళ్ళి కూర్చునేవాడు. ఆయన కిందికి వస్తుంటే ముందు ఆయన కాళ్ళకేసి చూసేదాన్ని. బేగి నడుస్తున్నాడా, మెల్లగా నడుస్తున్నాడా అని. ఒకరోజు తుంటి విరిగిందన్నారు. ఇంకోరోజు విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయారన్నారు. ఆ తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. అవే అన్నిటికన్నా కష్టమైన రోజులు. మా కొడుకు గుర్రం పక్కనే కూర్చుని దాని మెడ నిమురుతూ ఉండేవాడు. అంబలి పెడితే సగం తాగి, సగం దానికే పోసేవాడు.

పడిన కుర్రాడికి ఒక అన్న ఉన్నాడు. "తమ్ముడు మంచం దిగకపోతే ఆ మలుపు దగ్గరే నిలబడతాను" అన్నాడని కబురొచ్చింది. ఎవరికోసం నిలబడతాడో చెప్పక్కర్లేదు. ఆ మాట విన్నాక మా కొడుకు కట్టెలకు వెళ్ళినా నేను వెనకాలే వెళ్ళేదాన్ని.

"ఏటమ్మా, నాను సిన్నపిల్లోణ్ణా?" అని విసుక్కునేవాడు.

"కాదురా. నానే సిన్నపిల్లని. ఒక్కదాన్ని ఉండలేను," అనేదాన్ని.

చివరికి పెద్దలు కూర్చున్నారు. మలుపు దగ్గరే, బాట మీదే, పొద్దున్నే. రెండూళ్ళవాళ్ళూ కొండవాలున సర్దుకుని కూర్చున్నారు. ఇటువైపు మేము, అటువైపు వాళ్ళు. కుర్రాడి అన్న చేతిలో కర్ర ఉంది. మా కొడుకు తలగుడ్డ తీసేసి, పగ్గం తెచ్చి పెద్దల ముందు విస్తరాకు మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తీర్పు చెప్పే పెద్దాయన ముసలివాడు. చెవులు బాగా వినపడతాయి, కళ్ళే సరిగా కనిపించవు.

"ఏటిరా, సెప్పు. నువ్వు అడ్డమెల్లినావా, గుర్రం అడ్డమెల్లిందా?"

"గుర్రమే ఎల్లింది, తాతా."

"అయితే గుర్రాన్నే అడుగుదుము."

అవతలివైపు ఎవరో నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. మా గుర్రాన్ని విప్పించి, రెండువైపులా బస్తాలు కట్టించి, ఎవరూ పగ్గం పట్టకుండా బాటమీద తోలమన్నాడు. ఇన్నాళ్ళూ కట్టేసి ఉంచిన గుర్రం కదా, ఏం చేస్తుందోనని దాని గిట్టలకేసే చూస్తున్నాను. అది చెవులాడించుకుంటూ నాలుగడుగులు వేసి, మలుపు దగ్గరికి వచ్చేసరికి మెల్లగా లోయ అంచుకు జరిగింది. అందరూ చూశారు.

నేను ఉండబట్టలేక లేచిపోయాను. "సూసినారా! సూసినారా! నా కొడుకేటీ సెయ్యనేదు!"

మా ఇంటాయన చెయ్యి పట్టుకుని లాగాడు. "కూకోయే."

"ఆళ్ళు సూసినారమ్మా, నాకు సెప్పినారు," అన్నాడు పెద్దాయన. తర్వాత మా కొడుకువైపు తిరిగాడు. "ఈ గుర్రం ఎనకాల ఎప్పట్నుంచి నడుస్తన్నావురా?"

"సిన్నప్పట్నుంచి, తాతా."

"ఇక్కడికొచ్చీసరికి అంచుకు జరుగుతాదని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసినోడివి ఆ రోజు పగ్గం ఏల లాగనేదు?"

గుర్రం మమ్మల్ని గట్టెక్కించిందనుకున్నాను. తీరా చూస్తే గుర్రం చెప్పిన సాక్ష్యమే వాడి మెడకు చుట్టుకుంది. తెలియనివాడైతే తప్పు గుర్రానిది. తెలిసినవాడైతే తప్పు పగ్గం పట్టినవాడిది. ఆ ముసలాయన గుర్రాన్ని అడిగింది అందుకే.

మా కొడుకు విస్తరాకు మీది పగ్గంకేసి చూశాడు. ఏదైనా చెప్పరా, దుమ్ము కళ్ళలో పడిందని చెప్పరా అని మనసులోనే మొత్తుకుంటున్నాను.

"ఎనక్కి సూసినాను, తాతా," అన్నాడు. "నాకే గెలుపనుకున్నాను. మిగతావోళ్ళు ఎంత దూరంలో ఉన్నారో సూసి నవ్వుదామనుకున్నాను. కొండ పక్కనుంచి ఎనక్కి తిరిగి సూసినాను. ఆడు లోయ పక్కనుంచి వచ్చినాడు. తిరిగి ముందుకు సూసీసరికి ఆడు పక్కన నేడు."

కుర్రాడి అన్న కర్ర పట్టుకుని లేచాడు. మా ఇంటాయన కూడా లేచాడు. నేను నా కొడుకు ముందుకు వెళ్ళిపోయాను, ఎలా వెళ్ళానో తెలియదు. ఆ క్షణంలో ఎవరు ఒక్క మాట ఎక్కువన్నా అక్కడ రక్తం పడేదే.

"కూకోరా," అంది వాళ్ళ తల్లి, కూర్చున్న చోటునుంచి లేవకుండానే. "ఆడు నిజం సెప్పినాడు. అబద్ధం సెప్పుంటే నిన్ను లెగమని నానే అందును."

అతను కూర్చున్నాడు. కర్ర మాత్రం కింద పెట్టలేదు.

పెద్దాయన తీర్పు చెప్పాడు. మా కొడుకు గుర్రమెక్కకూడదు, ఏ గుర్రమూ. పడినవాడు తనంతట తాను వచ్చి, ఆ పగ్గం తన చేత్తో వీడి చేతిలో పెట్టేదాకా. వాడు రాకపోతే ఈ జన్మకు ఎక్కడమే లేదు. అంతదాకా వీడు గుర్రాన్ని నడిపించుకుంటూ ముందు పడినవాడి ఇంటి బరువులు మొయ్యాలి, తర్వాతే సొంతింటివి. వెళ్ళేటప్పుడు ఒక్కడే వెళ్ళాలి. తండ్రి తోడు వెళ్ళకూడదు, స్నేహితులు వెళ్ళకూడదు. పందెం పగ్గాన్ని విస్తరాకులో చుట్టి ఆ తల్లికిచ్చారు. మా గుర్రానికి ఉత్త తాడు కట్టుకుని ఇంటికి వచ్చాం.

న్యాయమైన తీర్పే అన్నారు అందరూ. కాదని నేనూ అనలేదు. కానీ ఆ కర్ర పట్టుకున్న మనిషి గుమ్మంలోకి నా కొడుకు ఒక్కడే వెళ్ళాలన్నదే నాకు వినిపించింది.

మొదటిసారి డిపో బియ్యం వేసుకుని వెళ్ళినరోజు నేను వాగుకు ఇవతల నిలబడ్డాను. పొద్దు నడినెత్తికొచ్చింది, వాలింది. చివరికి వచ్చాడు.

"ఏటన్నారురా?"

"ఏటీ అననేదు. బస్తా దించీసినాను. ఆళ్ళమ్మ నీళ్ళిచ్చినాది."

"తాగీసినావా?" వాడి గడ్డం పట్టుకుని నావైపు తిప్పుకున్నాను.

"దాహమేత్తే తాగరేటే? నీకు మరీ ఇడ్డూరం."

ఆ సాయంత్రమంతా వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను, ఆ నీళ్ళలో ఏం కలిపారో, రంగు మారుతుందేమోనని. ఆ తల్లి గురించి అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది కానీ, భయానికి సిగ్గుండదు.

వానలు పడ్డాయి. వాగు పొంగినప్పుడు గుర్రం తోక పట్టుకుని దాటేవాడు. వలిసె చేలు పసుపుపచ్చగా పూసేనాటికి కుర్రాడు ఇంటికొచ్చాడని తెలిసింది. కర్రతో నడుస్తున్నాడట. ఇంక వస్తాడు, పగ్గం ఇస్తాడు అని రోజూ బాటకేసి చూశాను. రాలేదు. మా కొడుకు బస్తా దించేటప్పుడు వాడు లేచి లోపలికి వెళ్ళిపోయేవాడట.

"ఎల్లిపోనీ అమ్మా. ఆడి కాలు, ఆడిష్టం," అనేవాడు మా కొడుకు. వాడి నవ్వు విని మాకు చాలాకాలమైంది.

కాఫీ పళ్ళు కోసే రోజుల్లో, ఒక సంతకు నేనూ వెళ్ళాను. అల్లం కుప్ప పోసుకుని కూర్చున్నాను. మా కొడుకు గుర్రాన్ని పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. జనం ఉన్నట్టుండి పక్కకు తప్పుకున్నారు. ఆ కుర్రాడు వస్తున్నాడు, కర్ర మీద ఒరిగి ఒరిగి. వెనకాల వాడి అన్న. నేను అల్లం వదిలేసి లేచాను.

కుర్రాడు భుజానున్న సంచిలోంచి పగ్గం తీశాడు. మా గుర్రం మూతి నిమిరి, తాడు విప్పి, తనే పగ్గం కట్టాడు. దాని కొసను మా కొడుకు చేతిలో పెట్టాడు.

"ఎక్కు."

"ఇక్కడేటి, సంతలోనా?"

"సంతలోనే. అందరూ సూడాల గదా. ఎనక్కి మాత్రం సూడకు, నాను ఇక్కడే ఉన్నాను."

సంతంతా గొల్లుమంది. వాడి అన్న కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు, నవ్వో మరొకటో. మా కొడుకు ఎక్కి, ఒక్కసారి చుట్టూ తిప్పి, దిగిపోయాడు. కుర్రాడు కర్ర నేలకు పొడిచాడు.

"నా కాలు పొట్టిదైపోనాది. ఇంక నాకునానుగా గుర్రం ఎక్కలేను. ఎవుడో ఒకడు కిందనుంచి ఎత్తాల. ఎప్పుడెక్కినా నువ్వే ఎత్తాల. ఇయ్యేళ నడవలేను, ఇంటికాడ దింపీ."

మా కొడుకు వాణ్ణి ఎత్తి మా గుర్రం మీద కూర్చోబెట్టాడు. నడుము పట్టుకున్నప్పుడు వాడు నొప్పికి మూలిగాడు. మా కొడుకు పట్టు సడలించి, మెల్లగా సర్దాడు. ఇద్దరూ కొండబాట పట్టారు. నేను అల్లం ఎవరికో అప్పజెప్పి వెనకాలే నడిచాను. మా కొడుకు పగ్గం పొట్టిగా పట్టుకుని, గుర్రానికీ లోయకూ మధ్యన, అంచుమీదే నడిచాడు. గుర్రం అలవాటుకొద్దీ వాడి మీదకు జరిగినప్పుడల్లా భుజంతో దాన్ని లోపలికి నెడుతున్నాడు. వాడి మడమల కిందనుంచి చిన్నచిన్న రాళ్ళు లోయలోకి రాలుతున్నాయి. లోపలికి రారా అని అరవాలనిపించింది. అరిస్తే వెనక్కి చూస్తాడేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ ఇల్లు వచ్చేదాకా అలాగే నడిచాను.

చల్లగా ఉండండి నాయనా, అమ్మా. మీ ఇంటినుంచి బాట పట్టినవాళ్ళు నిండుగా తిరిగొచ్చి మీ గుమ్మంలోనే కాళ్ళు కడుక్కోవాలి. మీ పశువు కాలు జారకూడదు, మీ పిల్లల కాలు తడబడకూడదు. మీ ఇంటి తల్లులు వాగు ఒడ్డున నిలబడి ఎదురుచూసే రోజు ఎన్నటికీ రాకూడదు.