పలివెల అరుగు మీద కుట్టు మర

నా భార్యను కాపురానికి తెచ్చుకోవడానికి రెండు పాత కుట్టు మరలను బండికెత్తుకుని కోనసీమ వెళ్ళాను. ఇంకెవరైనా అయితే పూలూ పళ్ళూ పట్టుకెళ్ళేవారు. కానీ మా మామగారు పళ్ళకు లొంగే మనిషి కారు. పలివెలలో ఆయనకే బోలెడు తోటలున్నాయి. నేను కాకినాడ రేవులో ఒక వర్తకుడి దగ్గర గుమాస్తాను. ఆ పని మానేసి కుట్టు మర పెట్టుకుని బతుకుతానని కబురు చేసినందుకు, పురిటికి వెళ్ళిన మా ఆవిడనూ ఐదు నెలల పాపనూ ఆయన పంపనన్నారు. ఆ ఇనుము అన్నం పెడుతుందని తన కళ్ళతో చూస్తేనే అమ్మాయిని పంపుతారట. లేదంటే నేనే అక్కడికి వచ్చి కొబ్బరికాయలు లెక్కపెట్టుకోవాలట. అంటే ఇల్లరికం.

సరే, చూపిద్దామనుకున్నాను. కొప్పులింగేశ్వరుడి కల్యాణానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ పలివెలకే వస్తాయి. ఆ రోజు మామగారి వీధి అరుగు మీద మరలు పెట్టి, వచ్చినవాళ్ళందరి చేతా చక్రం తిప్పించాలని నా ఎత్తు.

ఆ మరలు స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక దొరసాని వదిలేసినవి. ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయింది, అది అలంకారానికి. రెండోది చేత్తో చక్రం తిప్పితే టకటకా కుట్టేది. అది పైనుంచి ఒక్క దారంతోనే గొలుసులా అల్లే రకం. కుట్టు చివర పట్టుకు లాగితే మొదలుదాకా సర్రున ఊడిపోయేది. ముడి వేద్దామంటే నేను వేసిన ముళ్ళు నా మాటే వినవు. ఈ లోపం మాత్రం పైకి పొక్కనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

తెల్లవారుజామున కాకినాడలో బండి కట్టించాను. ఆనకట్ట కట్టి పదేళ్ళు దాటింది కాబట్టి దారి పొడవునా కాలవలు నిండుగా ఉన్నాయి, బాట మాత్రం పాతదే. గతుకు వచ్చినప్పుడల్లా మర కింద నా కాలు పడేది. చీకటి పడేసరికి రామచంద్రపురం సత్రానికి చేరాము. అక్కడ పెట్టిన కందా బచ్చలికూర బాగుంది. మర్నాడు మధ్యాహ్నానికి కపిలేశ్వరపురం రేవు. మరలు ఎక్కించగానే పడవ ఒక పక్కకు ఒరిగింది. సరంగు నన్ను రెండో పక్కన కూర్చోమని, అయినా చాలక ఇంకో ఇద్దరిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు.

ఎదురుగా కూర్చున్న ముసలమ్మగారు పెట్టెలో ఏముందని అడిగింది. గోదావరి సగం దాటేదాకా మర మహిమ వర్ణించాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఆయ్. అయితే సూదిలో దారం ఎక్కించేదెవరండీ?" అంది. నేనేనన్నాను. "గుడ్డ పట్టుకునేదండీ?" అదీ నేనేనన్నాను. "అయితే మీరే కుడతన్నట్టు గదండీ" అని ఆవిడ తమలపాకుకు సున్నం రాసుకుంది. అవతలి ఒడ్డు చేరేవరకు నేను నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను.

దీపాలవేళకు పలివెల చేరాను. మామగారు ఎదురొచ్చి, "దయచెయ్యండి అల్లుడుగారూ, ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?" అని కాళ్ళకు నీళ్ళిప్పించారు. ఆయన మర్యాద ఎంత పెరిగితే నాకు అంత భయం. తలుపు చాటునుంచి మా ఆవిడ ఒకసారి చూసింది. పాపను తెచ్చి నా చేతికిస్తే అది గుక్కపట్టి ఏడ్చింది.

కల్యాణం నాటి ఉదయం అంతా పద్ధతిగా అమర్చాను. జనం మీద పడకుండా అరుగు ముందు కొబ్బరితాడు కట్టాను. మర పక్కన కుట్టి చూడటానికి గుడ్డపీలికలు పెట్టాను. ఉపన్యాసం వల్లెవేసుకున్నాను. అన్నిటికీ మించి ఒక పెద్ద కాగితం మీద లావుపాటి అక్షరాలతో "ఎవరైనా ముట్టుకోవచ్చును" అని రాసి స్తంభానికి అంటించాను.

జనం వచ్చారు. అందరూ తలారా స్నానాలు చేసి, మడిబట్టలు కట్టుకుని గుడికి పోతున్నవాళ్ళే. మడిలో ఉన్నవాళ్ళు కుట్టిన గుడ్డ తాకరని పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు, కానీ ఆ తెలివి ఆ పూట కాకినాడలో ఉండిపోయింది. చదువు వచ్చినవాళ్ళు నా కాగితం చదివి పక్కవాళ్ళకు చెప్పారు. వాళ్ళు కొంగులు దగ్గరికి లాక్కుని వీధికి ఆ వారనుంచి నడిచారు. మామగారు వాలుకుర్చీలో కూర్చుని చాలాసేపు చూశారు. "జనం బాగానే వస్తున్నారండి, అవతలి పక్కనుంచి" అన్నారు.

పరువు పోయింది, ఇల్లరికం ఖాయమనుకున్నాను. ఆ దిగులులో పులిహోర రెండుసార్లు వేయించుకున్నాను. భోజనాలయ్యాక వసారాలో నడుం వాల్చితే కునుకు పట్టేసింది.

టకటక చప్పుడుకి మెలకువ వచ్చింది. వెళ్ళి చూద్దును గదా, అరుగు నిండా ఆడవాళ్ళు. మర ముందు మా ఆవిడ కూర్చుని ఉంది. నా కాగితం లేదు. నేను కట్టిన తాడు పాప ఉయ్యాలకు కట్టి ఉంది. భోజనాలై మడి విడిచిన వేళ చూసి ఆమె కేకేసి పిలిచిందట. అయినా మంచి చీరకు కుట్టుపడితే రేపు మడికి పనికిరాదని వాళ్ళు వెనకాడితే, ఒకామె చేతే చక్రం తిప్పించి ఆమె కొంగు అంచు కుట్టి, దారం కొస ఆమె చేతికే ఇచ్చి లాగమందట. కుట్టంతా ఊడి, చీర ఎప్పటిలా అయింది. నేను దాచిపెట్టుకున్న లోపమే అక్కడ వేడుకైపోయింది. ఒకరి తరవాత ఒకరు తిప్పడం, కుట్టడం, లాగడం, నవ్వడం. పొద్దు వాలేదాకా ఆ మర చల్లారలేదు. చివరికి మామగారు కూడా కండువా కుట్టించుకుని, లాగి చూశారు.

జనం వెళ్ళాక ఆయన నా వైపు తిరిగారు. "తమాషా బాగుందండి అల్లుడుగారూ. కుట్టింది నిలవకపోతే అన్నం ఎలా పెడుతుందండీ?"

నేను ఉపన్యాసం మొదటినుంచి ఎత్తుకోబోయాను. అప్పుడు మా ఆవిడ లోపలికి వెళ్ళి, ఆ మధ్యాహ్నమే మర మీద కుట్టిన పాప చొక్కా తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"ఇది లాగండి నాన్నగారూ."

ఆయన దారం కొస పట్టుకు లాగారు. రాలేదు. వేలికి చుట్టుకుని, పలుపు లాగినట్టు లాగారు. కుట్టు కదలలేదు.

"కొసని ముడేసేనండి," అంది ఆమె. "మర ఎంత కుట్టినా ఆ ముడి చేత్తోనే వెయ్యాలి. అది ఆయనకి రాదండి. అందుకే నేను వెళ్ళాలి."

నా చేతకానితనం గురించి అంత మంచి మాట నేనెన్నడూ వినలేదు. మామగారు చొక్కాను మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. ప్రయాణానికి మంచిరోజు చూడమని అత్తగారితో చెప్పి పెరట్లోకి వెళ్ళిపోయారు.

మూడోనాడు మమ్మల్ని సాగనంపడానికి మామగారు రేవుదాకా వచ్చారు. మర జాగ్రత్తని సరంగుకు చెప్పారు, అమ్మాయి జాగ్రత్తని నాకు చెప్పారు. కోనసీమలో దేన్నైనా చూపించదలచినవారు మధ్యాహ్న భోజనాలయ్యేదాకా ఆగాలి, కాగితాలు అంటించకూడదు. నా యాత్రలో నేను నేర్చుకున్నది ఇంతే. పడవ కదలగానే మా ఆవిడ కాకినాడలో మర ఎక్కడ పెట్టాలో, ఎవరిని పిలవాలో చెప్పడం మొదలుపెట్టింది. నా పనేమిటని అడిగాను.

"మీరు చక్రం తిప్పండి చాలు. మాట్లాడకండి."

అంటూనే ఒడ్డు వైపు చూసింది. మామగారు నీళ్ళ అంచున అలాగే నిలబడి ఉన్నారు. ఆమె మాట ఆగిపోయింది, పమిటతో కళ్ళు ఒత్తుకుంది. ఓదార్పు మాటలు నాకు నోటినిండా వచ్చాయి. ఒక్కటీ పైకి రానివ్వలేదు. పాపను ఆమె ఒడిలో పెట్టి, ఒడ్డు కనుమరుగయ్యేదాకా పక్కన కూర్చున్నాను.