చివరి పేజీ సుబ్రహ్మణ్యంగారు

సుబ్రహ్మణ్యంగారి నోట్లో కథ ముగింపు నిలవదు. పిల్లలకు మాంత్రికుల నవలలు సిఫార్సు చేయడమంటే ఆయనకు ప్రాణం. చేసే తీరే ప్రాణాంతకం.

పగలు నీటిపారుదల శాఖలో గుమాస్తా. సాయంత్రం కొండాపూర్‌లో అద్దె ఇంటి వరండాలో పిల్లల లైబ్రరీ. ఎదురుగా కంప్యూటర్ల కంపెనీకి అద్దాల మేడ లేస్తున్న తొంభై ఎనిమిది నాటి మాట.

"ఇది చదువమ్మా రసజ్ఞా, అద్భుతం! ఆ ముసలి సాధువే మాంత్రికుడని చివరిదాకా తెలియనే తెలియదు."

"అంకుల్! చెప్పేశారు!"

"అయ్యో! పోనీ ఇది తీసుకో. ఇందులో సాధువు నిజంగా సాధువే."

పిల్లలు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని రావడం నేర్చుకున్నారు. కొందరు దూది తెచ్చుకునేవారు.

"సినిమా హాలు గేటు దగ్గర నిలబడి హంతకుడి పేరు చెప్పే రకాన్నే నేను," అని భార్య పుణ్యవతి దగ్గర వాపోయేవారు.

"నోటికి తాళం వేసుకోకూడదుటండీ?"

"వేస్తే తాళంచెవి ఎక్కడ దాచానో కూడా చెప్పేస్తానే!"

అంతలో ఆ మేడ కడుతున్న ఓదెలు మేస్త్రీ పరంజా మీంచి పడి ఆసుపత్రి పాలయ్యాడు. భార్య రాజమ్మ అతని దగ్గరే ఉండిపోయింది. కూతురు సరిత బడి వదలగానే వచ్చి వరండా మెట్ల మీద కూర్చునేది. ఏ పుస్తకమిచ్చినా తెరిచేది కాదు. ఒకరోజు మాత్రం అట్ట మీద రెక్కల గుర్రమున్న నవలను చేతిలోకి తీసుకుంది.

"గీ కథల ఎవరికన్న ఏమన్న అయితదా సార్?"

"రాకుమారి తండ్రిని మాంత్రికుడు రాయిగా మార్చేస్తాడమ్మా. ఆ పిల్ల గుర్రమెక్కి..."

"వాళ్ళ నాయిన బతుకుతడా?"

ఆఖరి అధ్యాయంలో రాయి పగిలి రాజు చనిపోతాడు. ఆయనకది కంఠతా వచ్చు. నోరు అలవాటుగా తెరుచుకుంది కూడా.

"బతుకుతాడమ్మా," అన్నారు. "లేచి కూర్చుని ముందు అన్నం అడుగుతాడు. పప్పూ, ఆవకాయా!"

జన్మలో మొదటిసారి ముగింపు తప్పు చెప్పారు. సరిత పుస్తకం తీసుకెళ్ళింది.

కొన్నాళ్ళకు రాజమ్మ కనిపించి, "దవాఖానల పిల్ల రోజు వాళ్ళ నాయినకు గదే కథ సదివి వినిపిస్తున్నది సార్. రాజు ఎప్పుడు లేస్తడా అని మా ఆయనకు గదే ఫికర్," అంది.

సుబ్రహ్మణ్యంగారు తిన్నగా ఇంట్లోకి నడిచారు. "నిజం చెప్పి హాయిగా తిట్లు తినేవాణ్ణి. నాకెందుకే ఈ అబద్ధాలు?" అని పుణ్యవతిని పట్టుకు వేధించారు. ఆ అధ్యాయం వచ్చేలోగా ఓదెలు లేవాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నారు.

ఓదెలు చంకకర్రతో ఇంటికొచ్చిన మర్నాడే సరిత వరండాలో ప్రత్యక్షమైంది.

"అబద్ధం చెప్పిన్రు సార్. రాజు సచ్చిపోయిండు."

"అచ్చుతప్పమ్మా."

"పేజీలకు పేజీలు అచ్చుతప్పా?"

"ఈమధ్య ప్రెస్సువాళ్ళు బొత్తిగా..."

సరిత ఫక్కున నవ్వింది. "మా నాయినకు మీరు చెప్పిందే సదివిన. పప్పు, ఆవకాయ అనంగనే ఆయనకు గూడ ఆకలైంది. ఇగ ఇంకోటి ఇయ్యిండ్రి సార్. ఏమైతదో మాత్రం చెప్పకుండ్రి!"

సుబ్రహ్మణ్యంగారు పుస్తకమిచ్చి, అరచేత్తో నోరు మూసుకుని, ఆ పిల్ల సందు మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టారు. ఆపైన వంటింట్లోకి పరుగెత్తి, ముగింపంతా పుణ్యవతికి ఒక్క గుక్కలో చెప్పేశారు.

ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

"పొద్దుట్నించీ ఆ పుస్తకం కోసమే ఇల్లంతా వెతుకుతున్నానండీ! సగంలో ఉన్నాను!"