కొన వంగిన ముళ్లు

నమ్మకపోతే మీ ఇష్టం. పిల్లల మీద ఒట్టు మాత్రం వేయను, వాళ్లనెందుకు ఇందులోకి లాగడం... చచ్చిపోయిన జమున మీదే ఒట్టు. ఇది నా చెవులతో నేను విన్నది.

మా ఫ్యాక్టరీ తొర్రూరు దాటాక ఉంటుంది. అక్కడ గడియారాలు చెయ్యరు, వాటి ముళ్లు మాత్రమే చేస్తారు. వెంట్రుకంత సన్నవి. ఆడవాళ్లం భూతద్దం కింద ఒక్కొక్కటే చూస్తాం. గీత పడ్డదాని కొనను చిన్న చిమటాతో టిక్కుమని వంచేస్తాం. వంచితే ఇక అది పొరపాటున కూడా మంచివాటిలో కలవదు.

జమునది నర్సింహులపేట పక్కన తండా. దానిలాంటి కన్ను మాలో ఎవరికీ లేదు. ఒకసారి అది వంచి పక్కన పెట్టిన ముళ్లను మేనేజరు సారు తన చేత్తో సాపు చేసి పంపించేశాడు. నేను చూశాను. సరుకు తిరిగొచ్చింది. జమునను అందరి ముందు నిలబెట్టి, "కండ్లు కనవడ్తలేవా నీకు?" అని పనిలోంచి తీసేశాడు. అది నా వైపు చూసింది... నేను తల దించుకున్నాను. నెల తిరగకుండానే మిర్చి ఏరడానికి పోతుంటే ఆటో బోల్తా పడి చచ్చిపోయింది. దాని ఉసురు ఆయనకు తగలాలని నేను మొక్కని దేవుడు లేడు.

ఈ ఎండాకాలం గాలివానకు ఫ్యాక్టరీ రేకులు లేచిపోయాయి. మిషన్లన్నీ నీళ్లపాలు. మళ్లీ తిరగడానికి నెలలు పడతాయన్నారు. తయారై ఉన్న ఇరవై ట్రేల సరుకు మాత్రం తడవలేదు. అది తెల్లవారి బండికి పోతే గడియారాల కంపెనీ మిగతా సరుకు కోసం ఆగుతుంది. పోకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది, దాంతోపాటు సారు నౌకరీ కూడా.

ఆ రాత్రి పనికి దొరికింది నేనూ, నా పక్కన పనిచేసే లచ్చక్కా. బ్యాటరీ లైటు పెట్టుకుని అర్ధరాత్రి దాకా మళ్లీ చూశాం. అన్నీ మంచివే. ట్రేలు స్టోరు గదిలో పెట్టి సారే తాళం వేశాడు. బయట వరండాలో మేమిద్దరం పడుకున్నాం. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. వాన ఆగింది. కరెంటు లేదు.

టిక్...

కాసేపు ఏమీ లేదు. మళ్లీ... టిక్... టిక్...

"ఏంది గది?" అన్నాడు సారు.

"సుక్కలు వడ్తున్నయేమో సార్."

కానీ చుక్కలు లెక్కపెట్టుకుని ఆగవు కదా. పది టిక్కులు... ఆ తర్వాత బల్ల మీద ట్రే జరిగిన చప్పుడు... మళ్లీ పది. పదికొకసారి ట్రేను ముందుకు నెట్టే అలవాటు మాలో జమున ఒక్కదానికే ఉండేది. అబద్ధమెందుకు... భయం కంటే ముందు నాకు సంతోషమేసింది.

సారుకూ గుర్తొచ్చినట్టుంది. తాళంచెవి నా చేతిలో పెట్టాడు. తాను మాత్రం కుర్చీ దిగలేదు.

"జర నువ్వే పోయి చూడు సుజాతా."

వెళ్లాను. తలుపుకు చెవి ఆనించాను. అవతల... అంత దగ్గరగా... ఎవరో ముక్కు ఎగబీల్చారు. పడిశం పట్టిన మనిషిలాగా.

తాళం తీయలేదు. తలుపు సందులో నోరు పెట్టి మెల్లగా అన్నాను.

"కానియ్యి జమునా. నేనెవ్వరిని రానియ్య."

చప్పుడు ఆగింది...

మళ్లీ మొదలైంది. ఈసారి తొందర తొందరగా.

నేను తిరిగొచ్చేసరికి సారు కుర్చీలోనే నిద్రపోతున్నాడు. అంత భయపడ్డ మనిషికి అప్పుడే నిద్రెలా పట్టిందా అనుకున్నాను. తాళంచెవి ఆయన జేబులో వేసి పడుకున్నాను.

తెల్లవారి బండి వచ్చింది. సారు తాళం తీశాడు. ఇరవై ట్రేలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ప్రతి ముల్లు కొనా వంగి ఉంది. సారు ఒకదాన్ని తీసి గోటితో సాపు చేయబోతే అది విరిగింది. అక్కడే కూలబడ్డాడు. నేను కళ్లారా చూశాను. నా కడుపు చల్లబడింది. వారంలో ఆయన నౌకరీ ఊడింది. మా పనీ పోయిందనుకోండి.

ఆ రోజు ఇంటికి పోతుంటే లచ్చక్క అడిగింది. "రాత్రి లోపట గంతసేపు ఏం జేసినవే?"

"లోపటికే పోలేదక్క. రెండు నిమిషాల్ల వచ్చిన గద."

"నేను మేలుకొనే ఉన్న. కోడి కూసినంక వచ్చినవ్."

నేను లోపలికి పోలేదు. పోలేదనే అనుకుంటున్నాను... చేసింది జమునే అయితే దానికి దండం. నేనే అయితే... ఏమో. లచ్చక్క మాత్రం ఇప్పుడు నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడదు. నా చేతుల వంకే చూస్తుంది.