కర్టెన్ అవతలి గది

2010లో జెర్సీ సిటీలోని ఒక చిన్న ఇంటీరియర్ డిజైన్ సంస్థలో నేను సీనియర్ డిజైనర్‌ని. పేరుకే సీనియర్. పెద్ద ఫ్లాట్లు ప్రిన్సిపల్ డిజైనర్ చూసుకునేవారు, రంగుల శాంపిళ్లు జూనియర్లు మోసేవారు, ఇరుకు ఇళ్లన్నీ నా నెత్తిన పడేవి. తెలుగువాళ్లెవరు ఫోన్ చేసినా అడగకుండానే నాకు కలిపేవారు. ఆ ఏడాది మార్చిలో అలా వచ్చిన పని శ్రీధర్ గారి స్టూడియో.

స్టూడియో అంటే ఒకటే గది. వంట, పడక, కూర్చోవడం అన్నీ అందులోనే, బాత్‌రూమ్‌కి మాత్రం తలుపు ఉంటుంది. శ్రీధర్ గారు మాన్‌హట్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. విడాకులయ్యాయి. పదేళ్ల కూతురు మేఘన తల్లి దగ్గర ఎడిసన్‌లో ఉంటోంది. పాపని పగటిపూట కలవనిస్తున్నారు గానీ రాత్రి ఉండనివ్వడం లేదు. కోర్టు నియమించిన ఒకావిడ వచ్చి ఇల్లు చూసి, వారాంతాల్లో పిల్ల ఇక్కడ ఉండొచ్చో లేదో చెప్పాలి. ఆవిడ వచ్చేలోపు గది పెద్దదిగా కనబడాలి. ఆయన అడిగింది అంతే.

మా పనిలో మొదటిది సైట్ విజిట్. టేపుతో కొలతలు తీసుకుని, ఫోటోలు తీసి, వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూసుకుంటాం. ఆ గదిలో సగం ఒక పెద్ద మంచమే ఆక్రమించింది. మిగిలిన సగంలో ఒక బల్ల, ఒకే ఒక్క కుర్చీ. ఒక్క కుర్చీ ఉన్న ఇల్లు చూస్తే నాకు గుబులుగా ఉంటుంది. అప్పటికి నేనూ ఒంటరిగా మిగిలినదాన్నే, మా ఇంట్లో రెండో కుర్చీ మీద మడతపెట్టని బట్టలుండేవి.

పాప ఎక్కడ పడుకుంటుందని అడిగాను. "నా పక్కనే మేడమ్, ఇంకెక్కడ? చిన్నప్పటి నుంచీ అంతే కదా," అన్నారు. మంచం పెద్దది కొన్నదీ అందుకేనట. నాకేమీ వింతగా అనిపించలేదు. పెళ్లయ్యేదాకా నేనూ అమ్మ పక్కనే పడుకున్నాను. కానీ అదే మాట ఆ వచ్చే ఆవిడ ముందు అంటే కొంప మునుగుతుంది. పదేళ్ల పిల్లకి తన మంచం, తనదంటూ కాస్త మరుగు ఉన్నాయా అని ఇక్కడ చూస్తారు. మెల్లగా చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. కన్నకూతుర్ని పక్కన పడుకోబెట్టుకోవడం కూడా తప్పేనా అన్నారు. తప్పని కాదు, వీళ్ల పద్ధతి వేరన్నాను.

ఇప్పుడు చిక్కు నాది. చిన్న గదిని విడదీస్తే ఇంకా చిన్నదవుతుందన్నది మా వృత్తిలో ఓనమాలు. అందుకని చెక్క అడ్డు, బీరువా వద్దనుకున్నాను. సీలింగ్‌కే ట్రాక్ బిగించి, అక్కణ్ణించి నేలదాకా తెల్లటి కర్టెన్ వేలాడదీశాం. వెలుతురు దాటి వస్తుంది, మనిషి కనబడడు. పెద్ద మంచం తీసేయించాను. కిటికీ వైపు పాపకి సన్నటి మంచం, దాని కింద సొరుగులు. ఇవతల ఆయనకి సోఫా బెడ్. సోఫాకి కాళ్లు పొడుగ్గా ఉండాలని పట్టుబట్టాను. కింద నేల కనబడుతుంటే గది సాగినట్టుంటుంది. గోడలకీ సీలింగ్‌కీ ఒకే లేత రంగు వేయించాం, గోడ ఎక్కడ ఆగిందో కంటికి తెలియకుండా. కిటికీ పాపకిచ్చేస్తే మీకు వెలుతురు తగ్గుతుందన్నాను. పర్లేదన్నారు.

కోర్టు ఆవిడ వచ్చి కర్టెన్ మూసి తెరిచి చూసిందట, సన్నటి మంచం మీద కూర్చుందట. అనుమతి వచ్చింది. ఆ కబురు శ్రీధర్ గారే ఫోన్ చేసి చెప్పారు.

పని అప్పగించే ముందు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చివరిసారి చూసుకుంటాం. మేఘన వచ్చిన మొదటి శనివారమే రమ్మన్నారు. వెళ్లేసరికి ఆయన దోసెలు పోస్తున్నారు. బల్ల దగ్గర రెండు కుర్చీలున్నాయి.

"ఆంటీ, ఇది మొత్తం క్లోజ్ అవుతుందా?" అని అడిగింది మేఘన. చూపించాను. "దట్స్ సో కూల్. డాడీ, నేను చదువుకుంటా, ఓకే? డోంట్ ఓపెన్," అని లోపలికెళ్లి, ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగేసుకుంది.

ఆయన దోసె ప్లేటు పట్టుకుని కర్టెన్ దాకా వెళ్లారు. పిలవలేదు. బల్ల మీద పెట్టి మూత వేశారు. తర్వాత నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "అక్కా, ఇంకా పల్చటి గుడ్డ దొరుకుతుందా? లోపల ఉన్నట్టు తెలిస్తే చాలు," అన్నారు.

అలాంటి గుడ్డల శాంపిళ్లు నా బ్యాగులోనే ఉన్నాయి. తీయలేదు. "ఆ చోటు పాపది శ్రీధర్ గారూ. పాపని అడగండి," అన్నాను. ఆయన అడగలేదు. ఆ గది నిజంగానే విశాలంగా కనబడుతోంది. డాక్టరు గది బయట కూర్చున్నవాళ్లలా ఇద్దరం ఆ తెల్లటి కర్టెన్ వైపు చూస్తూ కూర్చున్నాం. ఆయన్ని చూస్తే జాలేసింది, నా మీద నాకూ జాలేసింది.

ఒకరికి తమదంటూ చోటు ఇస్తే, దాన్ని మూసుకునే హక్కు కూడా ఇచ్చినట్టే. మా చదువులో ఎక్కడా చెప్పని ఆ సంగతి నాకు ఆ గదిలో తెలిసింది. తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు గదికి మరుగు కట్టించుకుంటామన్నా, కొలతలు తీయకముందే ఒక ప్రశ్న వేసేదాన్ని: మీరు ఏ వైపు ఉండబోతున్నారు?