తాటిపూడి పడవలో ఆయన పక్కన

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా ఆయన చెప్పులు విప్పి ఒడ్డున పెట్టాడు. వంగి పడవ ముక్కుకు కుడిచెయ్యి ఆనించి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కాడు. అంతకు కాస్త ముందే కారు తలుపు ఎలా తెరవాలో తెలియక అద్దం తడుముతూ నిలబడిన మనిషి.

చేపల వేటకెళ్ళే మావాళ్ళు చెప్పులతో పడవ ఎక్కరు. తాటిపూడి జలాశయంలో విహారానికి వచ్చేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. అప్పటికే పడవలో సాలూరు నుంచి వనభోజనాలకు వచ్చిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళు నవ్వారు. "తాతా, గుడి కాదు, బోటు" అని అందులో ఒకామె అంది. నేను ఆ చెప్పులు తీసి సంచిలో వేసుకున్నాను.

అది 2016 కార్తీకమాసం. ఆయనకు మతిమరుపు జబ్బు మొదలై మూడేళ్ళు దాటింది. డాక్టరుకు చూపించుకోవడానికి విజయనగరంలో మా అమ్మాయి ఇంటికి వచ్చి ఉన్నాం. నేను మా ఊరి శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. చదువు అలవాటు ఉంది కాబట్టి ఆ జబ్బు గురించి దొరికినవన్నీ చదివాను. కొత్త సంగతులు ముందు పోతాయని, పాతవి చివరిదాకా ఉంటాయని వాటిలో ఉంది. ఆయన పడవ ఎక్కింది పదమూడో ఏట. నన్ను చేసుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. అంటే పడవ కంటే ముందు నేను పోతాను. అది తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు.

కళింగపట్నంలో పుట్టాను, ఆ ఊళ్ళోనే పెళ్ళయింది. అప్పటిదాకా ఒక్కసారీ పడవ ఎక్కలేదు. మా ఇళ్ళలో వేట పడవ ఆడవాళ్ళు ఎక్కకూడదు. వచ్చిన చేప అమ్ముతాం, మిగిలింది ఎండబెడతాం, తెగిన వలలు బాగుచేస్తాం. ఎక్కడం మాత్రం లేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని అడిగాను, ఒక్కసారి తీసుకెళ్ళమని. "మావోల్లు ఒప్పుకోరే" అన్నాడు. మళ్ళీ అడగలేదు. అడగడం మానేశాను గాని, కోరిక పోలేదు. నీళ్ళ మీద ఆయన పక్కన ఒక్కసారి కూర్చోవాలి. నేనెవరో ఆయనకు తెలిసి ఉండగానే కూర్చోవాలి. అమ్మాయితో ఆ మాటే చెప్పాను. అది మర్నాడే కారు మాట్లాడింది.

పడవకు పైకప్పు ఉంది. లోపల ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పడవ నడిపే ఆయనకు యాభై ఏళ్ళుంటాయి. అందరికీ నారింజరంగు జాకెట్లు ఇస్తూ ఈయనకూ ఒకటి తొడగబోయాడు.

"ఇదేటిది, గోనెసంచా?"

"మునిగిపోకుండా తాతా."

"మునిగిపోయే పడవని నీటిలోకి ఎందుకు దించినావు మరి?"

పడవంతా నవ్వింది. మా అమ్మాయి కూడా నవ్వింది. చాలా నెలల తర్వాత ఆయన మాటకు మాట అనడం విన్నాను. నాకు ధైర్యం వచ్చింది. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని పడవలో కాలు పెట్టాను.

ఆయన లేచి నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెక్కకూడదప్పా. దిగిపో."

ఆ పిలుపు నాకు ముందు అర్థం కాలేదు. మా వైపు వరసకు అక్కయ్యే ఆడమనిషిని అప్పా అంటారు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"నాన్నా, అమ్మ నాన్నా" అంది అమ్మాయి.

"మీ అమ్మ ఇంటికాడున్నాది. అది ఇలాటి పన్లు సెయ్యదు."

"తాతా, ఇది వేట పడవ కాదు. ఎవరైనా ఎక్కొచ్చు" అన్నాడు పడవాయన.

"పడవన్నాక పడవే. ఆడమనిసినెక్కించి వేటకెల్తే ఏటి పడతాది?"

సాలూరు ఆమె అందుకుంది. "ఏటి తాతా, మేమందరం ఆడోలమే. మమ్మల్నీ దిగిపోమంటావేటి?"

ఆయన అప్పుడు పడవంతా చూశాడు. కుర్చీల నిండా ఆడవాళ్ళే.

"ఓలమ్మో, ఇంతమందే! ఇంక సేప పడినట్టే!"

"కార్తీకమాసం తాతా, సేప మాటెత్తకు" అందామె. మళ్ళీ నవ్వులు. ఆయన కూడా ఓడిపోయినవాడిలా నవ్వి కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చున్నాను. ఆయన మర్యాదగా కొంచెం అవతలికి జరిగాడు, పరాయి ఆడమనిషికి జరిగినట్టు. అమ్మాయి ఫోనులో ఫొటో తీసింది. ఆ ఫొటోలో మా ఇద్దరి మధ్య జానెడు చోటు ఉంటుంది.

పడవ కదిలింది. చుట్టూ కొండలు. వాటిని చూడడానికే జనం వస్తారు. ఆయన మాత్రం ఒక కన్ను మూసి, అరచెయ్యి నిలువుగా పట్టుకుని కొండల్ని ఒక్కొక్కటిగా వెతుకుతున్నాడు. సముద్రంలో తామెక్కడున్నారో తెలియడానికి మావాళ్ళు ఒడ్డు మీద రెండు గుర్తులు చూసుకుంటారు. ముందు దీపస్తంభం, దాని వెనక సాలిహుండం కొండ. ఆ రెండూ ఒక వరసలోకి వస్తే ఊరి ఎదురుగా ఉన్నట్టు. ఇక్కడ దీపస్తంభం లేదు. కొండలేమో ఎటు చూసినా ఉన్నాయి. ఆయన పక్కకు వంగి నీళ్ళు తాకి, తడి వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు నేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏ దరికొచ్చినామో తెలట్నేదప్పా" అన్నాడు.

ఆ గొంతులో భయం ఉంది. నలభై ఏళ్ళు ఆయన వేటకు వెళ్ళాడు. అందులో సగం ఏళ్ళు పడవకు పెద్ద, మిగతావాళ్ళ ప్రాణాలకు పూచీ. ఇంట్లో ఎప్పుడూ భయం అన్న మాట అనలేదు.

"ఏరు పొంగి సంద్రంలో పడినాది. అందుకే ఉప్పు నేదు. ఇంజనాయనకి దారి తెల్సు" అన్నాను. మావా అని పిలవబోయి ఆ పిలుపు ఆపుకున్నాను.

ఆయన చెయ్యి దించాడు. కాసేపటికి, "మీదే ఊరప్పా?" అన్నాడు. చెప్పాను.

"మాదీ అదే. ఎవులింటి ఆడపిల్లవి?"

"దీపస్తంభం పక్కన పెంకుటిల్లు."

"ఆ ఇంటి పిల్లనే నాను సేసుకున్నాను" అన్నాడు సంబరంగా.

పుస్తకాల్లో అయితే ఇలాంటి చోట మనిషికి అంతా గుర్తుకొస్తుంది. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఏమీ గుర్తు రాలేదు. ఊరి మనిషి దొరికిందన్న సంతోషం ఒక్కటే ఉంది.

"ఎలాటిదామె?" అని అడిగాను.

"పుస్తకాలు సదువుతాది. సదివేటప్పుడు పిలిస్తే పలకదు. కూర మాడిపోద్ది." కొంచెంసేపు నీళ్ళు చూశాడు. "ఓపాలి పడవెక్కుతానన్నాది. మావోల్లు ఒప్పుకోరని సెప్పినాను."

"ఒప్పుకోలేదేటి?"

"నానడిగితే కదా! ఎవుల్నీ అడగనేదు. అది ఎక్కి ఆ నీరంతా సూసిందనుకో, ఇంక నన్ను వేటకి పంపుతాదేటి? నాను ఒచ్చీవరకు ఇంట్లో కూకుని ఏడుస్తాది. తెలకపోతే పుస్తకమేనా సదూకుంటాది."

ఆయన వేటకు వెళ్ళిన రాత్రుళ్ళు నేను నిజంగానే చదువుకునేదాన్ని. సముద్రం ఎంత ఉంటుందో నాకు తెలియదు. ఒడ్డు నుంచి కనిపించినంతే ఉంటుందని అనుకునేదాన్ని.

"ఇప్పుడు తీసుకెల్తావా ఆమెని?" అన్నాను.

"ఇప్పుడు వేట మానీసినాను కదా, ఇంక బయమేటి? తీసుకెల్తాను. గాలి తగ్గనీ." మళ్ళీ వెంటనే నా వైపు వంగి, "దానికి సెప్పీకు. నానే సెప్తాను" అన్నాడు.

"చెప్పను" అన్నాను.

పడవ అవతలి ఒడ్డు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. దిగేటప్పుడు ఆయన ముందు దిగి, నాకు చెయ్యి అందించాడు. "జాగర్తప్పా" అన్నాడు.

కారులో కాసేపు నిద్రపోయాడు. విజయనగరం పొలిమేరకొచ్చాక కళ్ళు తెరిచి, పక్కనున్న నన్ను చూసి కోపంగా అన్నాడు.

"ఒసే, పొద్దుట్నుంచి ఎక్కడికి పోనావు? కనపడనేదు."

"ఇంటికాడే ఉన్నాను మావా."

"తిన్నావా?"

"తిన్నాను."

ముందు సీట్లోంచి అమ్మాయి వెనక్కి తిరిగి ఏదో అనబోయింది. నా ముఖం చూసి ఊరుకుంది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, అలా ఎందుకన్నావమ్మా అని అడిగింది. మాటిచ్చాను అన్నాను. ఆయన పక్కన కూర్చోవాలన్న కోరిక తీరిందా లేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆయన పక్కన కూర్చున్నది నేనే. ఆయన తీసుకెళ్ళాలనుకున్న మనిషి ఇంట్లో ఉంది.

నెల తర్వాత కళింగపట్నం వచ్చేశాం. తనే చెప్తానన్నవాడు చెప్తాడని ఎదురుచూశాను. చెప్పలేదు. ఒకరోజు పొద్దున్న ఆయన అరుగు మీద కూర్చుని సముద్రం వైపు చూస్తుంటే నేనే, "గాలెలాగున్నాది మావా?" అని అడిగాను. కొబ్బరాకుల వైపు చాలాసేపు చూశాడు. "ఇంకా తగ్గనేదు. సూద్దాం" అన్నాడు. ఏమిటి చూద్దాం అని నేను అడగలేదు. గాలి గురించే అన్నాడో, దాని వెనక ఆ మాట ఏమైనా మిగిలి ఉందో తెలియదు. మర్నాడు మళ్ళీ అడిగాను. అలా రోజూ అడిగేదాన్ని. ఆకు కదలని రోజున కూడా ఆయన తగ్గలేదనే అనేవాడు. నేను సరే అని లోపలికి వెళ్ళి పని చూసుకునేదాన్ని. తర్వాత మాటలు పోయి, చెయ్యి అటూ ఇటూ ఊపేవాడు. తగ్గలేదని అర్థం. ఆ చెయ్యి ఊపడం కూడా చివరి వేసవిలో ఆగిపోయింది. ఆ వానాకాలంలోనే పోయాడు.

మొన్న కార్తీకానికి అమ్మాయి మళ్ళీ తాటిపూడి వెళ్దామంది. నువ్వు వెళ్ళిరా అన్నాను. పొద్దున్నే లేస్తాను, వాకిలి ఊడుస్తాను, అరుగు మీద కూర్చుని పుస్తకం తీస్తాను. గాలి ఎలా ఉందని ఇప్పుడు ఎవరినీ అడగను.