మా సువార్తత్త గిటారు తీగెలు

పక్కింటావిడ మనవడి మాడుకు ఆముదం వెచ్చబెట్టిందంటే చాలు, ఆ జిడ్డు వాసన గోడ దాటి వచ్చి, నరసరావుపేటలో కాలేజీ పేపర్లు దిద్దుకుంటున్న నన్ను జుట్టు పట్టుకుని గురజాల దాపునున్న మా ఊరికి ఈడ్చుకుపోతుంది. ఆముదం అంటే అందరికీ తలంటి గుర్తొస్తుందేమో గానీ నాకు గిటారు గుర్తొస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. అరవైల మొదట్లో, కొత్త సైకిలు వస్తేనే జనం మూగే ఆ ఊళ్ళో మా ఇంట గిటారు ఉండేది. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొరసాని మా మేనత్త సువార్తమ్మకు వాయించడం నేర్పి, దాన్ని ఆమెకే ఇచ్చిపోయింది.

అమ్మ మా ఆఖరి తమ్ముడి కాన్పులో పోయింది. అప్పటినుంచీ పిల్లలందరి ముక్కులు తుడిచేదీ, జొన్నసంగటి కెలికేదీ, మిషను బడి హెడ్మాస్టరైన మా నాన్న పంచెలకు గంజి పెట్టేదీ పెళ్ళి కాని మా అత్తే. పొద్దుగూకి, నాపరాళ్ళ అరుగు కాస్త చల్లబడి, మేం చింతగింజలతో వామనగుంటలకు కూర్చున్నాక, అత్త చేతులు కడుక్కుని, పాత మల్లుగుడ్డకు పొడిగా తుడుచుకుని గిటారు తీసేది. వాయించడం అయ్యాక ఒక్కో తీగెనూ అదే గుడ్డతో పైనా కిందా తుడిచి, వేలికొసతో ఆముదం పూసీ పూయనట్టు పూసేది. "చెమటలో ఉప్పుంటదే, అది తీగెను కొరుక్కు తింటది" అనేది. బిగించే మర దగ్గర మెలిపడిన తీగె అక్కడే పుటుక్కుమంటుందనీ, లావు తీగెకు చుట్టిన సన్న పోగు విడిపోతే పాటంతా గరగరమంటుందనీ, సడలిన తీగెను ఒక్క ఊపున బిగించకూడదనీ మాకు పాఠాల కంటే ముందే వచ్చు. ఇదంతా తను కనిపెట్టినట్టు వచ్చినవాళ్ళకు చెప్పేవాడు నాన్న. తీగె తెగితే గుంటూరు పోవాలి, అక్కడ లేకపోతే మద్రాసుకు రాయాలి. ఒకసారి నాన్న తెలివి ఉపయోగించి సైకిలు బ్రేకు తీగెలోంచి పోగు లాగి కట్టాడు. కుక్క ఏడ్చినట్టుంది.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలానికి మా ఇంట్లో నియమం ఒకటుండేది. అది మొదలయ్యే బూడిద బుధవారం నాడు తీగెలన్నీ సడలించి, ఆముదం రాసి, గిటారును దుప్పట్లో మూటగట్టి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేవాళ్ళు. ఈస్టరు ముందు శనివారం దాకా దాన్ని వాయించడం కాదు, విప్పి చూడటమే పాపం. ఇంట్లో నీసు వాసన ఉండదు, గోంగూర, చింతచిగురు పప్పు, మళ్ళీ గోంగూర. గుళ్ళో పాటలు కూడా ఉపవాసమున్నట్టే నీరసంగా సాగేవి.

ఒక ఏడు శ్రమకాలం మొదట్లో గుంటూరులో ఒక ఆడపిల్లల బోర్డింగు బడికి పాటల టీచరు కావలసి వచ్చింది. ఆ బడి పెద్ద దొరసాని, ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు మా ఊరొచ్చి అత్త వాయిస్తే వింటాననీ, నచ్చితే వెంట తీసుకుపోతాననీ కబురు చేసింది. అత్త ఆ రోజు సంగటి మాడ్చింది. నాన్న మాత్రం "దేవుని చిత్తం" అని కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు, అత్త చెలమకు నీళ్ళకు పోయిన వేళ, నాన్న ఆ మూట దింపి, ముడి విప్పి, ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి తీగెల మీద చల్లడం చూశాను. మళ్ళీ కట్టి, ఈసారి పొయ్యి పైన కాదు, చెమ్మగిల్లిన కుండల మూల ఆనించాడు.

"ఏంది నాన్నా అది?"

"పురుగు పట్టకుండా. చింతపండుకి పెట్టమూ? దూలానికి చెదలొచ్చిందని మీ అత్తకి నేను చెప్తాలే."

బైబిలు చదివే హెడ్మాస్టరు మాట కాదనడానికి నాకేం తెలుసు?

శనివారం మధ్యాహ్నం అత్త మూట విప్పింది. తీగెలు ఇటుకరంగులో పొక్కిపోయి, ముట్టుకుంటే వేళ్ళకు గరుకు అంటుతోంది. కిరసనాయిలు పోసి రుద్దింది, బూడిద పెట్టి రుద్దింది, చివరికి కళ్ళనీళ్ళు కూడా కలిపి రుద్దింది. నాన్న గడపలో నిలబడి చూసి, "చెమట చేతుల్తో వాయిస్తే అట్టాగే అవుద్ది. చెప్తానే ఉన్నా" అన్నాడు.

తెల్లవారుజామున సమాధుల తోటలో, సమాధికొక కొవ్వొత్తి వెలిగించి, మా అమ్మ సమాధి పక్కనే అత్తను నిలబెట్టారు. రెండో చరణంలో సన్న తీగె తెగి ఆమె చెంప మీద చారిక గీసింది. ఆగకుండా వాయించింది. ఇంకోటి తెగింది. వెనక ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు, మగవాళ్ళకు ఆ మాత్రం మర్యాద కూడా లేదు. దొరసాని మెల్లగా, అందరికీ వినపడేంత మెల్లగా అంది: "తీగెలు జాగ్రత్త చేసుకోలేని అమ్మాయి, పిల్లల్ని ఎలా జాగ్రత్త చేస్తుంది?"

ఆ మధ్యాహ్నం గారెలూ కోడికూరా. నా నోరు అప్పుడూ ఇంతే.

"ఉప్పు పోస్తే పురుగు పట్టదన్నావుగా నాన్నా, మరి తుప్పెందుకు పట్టింది?"

నాన్న ఎంగిలి చేత్తోనే చెంప పగలగొట్టాడు. అత్త గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెద్ద ముక్క తీసి ఆయన పళ్ళెంలోనే వేసింది.

అరవలేదు, అలగలేదు, అడగలేదు. మమ్మల్నందరినీ పెంచింది. గిటారు మాత్రం మళ్ళీ ముట్టలేదు. మనసు కొరికిందో, చుట్టాల ముందు గొప్పకు లోటయిందో గానీ, నాన్న గుంటూరు పోయినప్పుడల్లా కొత్త తీగెల పొట్లం తెచ్చేవాడు. "పెట్టన్నయా, చూస్తా" అని అందుకుని ఆ కుండల మూల గూట్లోనే పడేసేది. విప్పకుండానే, కాగితంలోనే అవి తుప్పు పట్టిపోయేవి. ఆయన చూసేవాడు, మళ్ళీ తెచ్చేవాడు. ఆఖరి మంచంలో, "ఒక్క పాట వాయించవే సువార్తా" అని పిల్లాడిలా ఏడ్చాడు. "తీగెలు బాలేవన్నయా" అని బార్లీ నీళ్ళు తాపింది.

ఇప్పుడు మా ఊరి గుళ్ళో కీబోర్డని ఒక కరెంటు పెట్టె మోగుతుంది. మట్టల ఆదివారం, శుభ శుక్రవారం అని లేదు, శ్రమకాలమంతా మోగుతూనే ఉంటుంది. మూటలు కట్టే వాళ్ళూ లేరు, మౌనాలూ లేవు. గిటారు చెక్కను చెదలు తినేశాయి. అత్త నా దగ్గరే ఉంటోంది. మొన్న ఉండబట్టలేక అడిగాను, అన్నేళ్ళలో ఒక్కసారైనా వాయించాలనిపించలేదా అని.

"రోజూ అనిపిచ్చేది."

"మరి నాన్న ఇంట్లో లేనప్పుడైనా వాయించుకోకపోయావా?"

అత్త నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"పక్కింటోళ్ళు విని ఆయనకి చెప్పరటే? చెప్తే ఆయన కడుపు చల్లబడేది."