ఆరో మొసలి కొసరు

మొసలిని కొసరుగా ఒప్పుకున్న వ్యాపారి బెజవాడ మొత్తానికి నేనొక్కణ్ణే. ఈ మాట ఇప్పటికీ కాలరెగరేసి చెప్తాను.

మాది కొట్లమీద బతికిన ఇల్లు. తాత ఉప్పు, నాన్న మేకులు, నేను ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్టులు. డెబ్బైల చివర్లో ఒక అటవీ ఆఫీసరు నా కొట్టుకొచ్చాడు. తోళ్ల కోసం చంపీ చంపీ మా వైపు ఏట్లో మొసళ్లు లేకుండా చేశారట. గుడ్లు పొదిగించి చెరువులో పెంచిన ఐదింటిని కంకిపాడు అవతల కృష్ణ మడుగులో వదలాలి. నా పాత లారీ కావాలి.

తలకింత అని బేరం మొదలెట్టి, ఆయన చెప్పినదానికి రెట్టింపు రాబట్టాను. ఆయన లేస్తూ, "మరి కొసరేదండీ?" అన్నాడు.

గవర్నమెంటు మనిషి కొసరడగడం నేనెప్పుడూ వినలేదు. ముచ్చటేసింది. "ఇంకోదాన్ని ఎక్కించండి, కిరాయి వద్దు" అన్నాను. కొసరంటే చిన్నదే ఉంటుందనుకున్నాను. సైజు అడగలేదు.

మర్నాడు పొద్దున్నే చూస్తే, ఆ ఐదూ పెట్టెల్లో బుద్ధిగా ఉన్నాయి. ఆరోది ఎప్పుడో పంటకాలవలో దొరికితే ఆ పెంపకం చెరువులోనే ఉంచిన ముదురు ఆడమొసలి. లారీలో అడ్డంగా పట్టలేదు. మూతికి తాడు కట్టి, తడి గోనెలు కప్పి, నిలువుగా పడుకోబెట్టాం.

"చెరువు పూడ్చేస్తున్నారండీ," అన్నాడు ఆఫీసరు అప్పుడు తీరిగ్గా. "ఇవాళ ఏట్లోకి పోకపోతే దీనికి బతికినన్నాళ్లూ బోనే."

కంకిపాడులో గోనెలు తడపడానికి ఆగాం. తోక ఒకసారి కదిలింది. టీ కొట్టు ఖాళీ అయింది. పారిపోయినవాళ్ల టీల డబ్బులు కొట్టువాడు నన్నడిగాడు.

మడుగు దగ్గర చేపలు పట్టే పల్లెకారులంతా గట్టుమీదే ఉన్నారు. ముందు నిలబడినావిణ్ణి చూసి నా ప్రాణం లేచొచ్చింది. పటమట మార్కెట్లో నాకు చేపలమ్మే ఆవిడే. ఆవిడ లారీలోకి తొంగి చూసి లెక్కపెట్టింది.

"మేం ఒప్పుకుంది ఐదుకి. ఇదేంటి షావుకారు గారూ?"

"కొసరక్కా."

"నన్ను కొసరడిగితే నేను తోకముక్క వేస్తాను. మీరేంటండీ, తోకతో పాటు మొత్తం తెచ్చారు!"

గట్టంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మా ఆయన మెడలోతు నీళ్లలో దిగి వల కడతాడు. ఆ చిన్నవాటికి చేపలు చాలు. దీనికి?"

ఇది కూడా చేపలే తింటుందని ఆఫీసరు చెప్పాడు. ఆవిడ మొసలి నోటి వంక చూసి, మళ్లీ ఆయన వంక చూసింది. ఎండ ఎక్కుతోంది. గోనెలు ఆరిపోతున్నాయి. మొసలి కళ్లు మూసుకుంది. బేరంలో సరుకు చెడిపోతుంటే తగ్గాల్సింది ఎవరో నాకు తెలుసు.

"నీ మాటేంటో చెప్పక్కా."

"వల చిరిగితే కొత్త వల మీరు కొనివ్వాలి. ఇంకెప్పుడూ నన్ను కొసరడక్కూడదు."

మొదటిది వెంటనే ఒప్పుకున్నాను. రెండోదానికి బేరమాడాను. "ఎప్పుడూ అంటే ఎట్టా అక్కా? ఓ ఏడాది అనుకో."

ఆవిడ ఆఫీసరు వైపు తిరిగింది. "ఇది ఎన్నాళ్లు బతుకుద్దండీ?"

"మనిషంత బతుకుతుందమ్మా."

"అయితే ఇది బతికినన్నాళ్లూ."

ఒప్పుకున్నాను. తాడు విప్పాక ఆ మొసలి మా ఎవరి మొహమూ చూడకుండా నీళ్లలోకి జారిపోయింది.

తర్వాత ప్రతి ఆదివారం పటమటలో తూకం అవగానే "ఉందా?" అనేవాణ్ణి. "ఉంది" అనేది ఆవిడ. ఖాళీ చెయ్యి వెనక్కి తీసుకునేవాణ్ణి. వరదలొచ్చిన ఏడు మాత్రం తూకం కాకముందే అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

కొన్నేళ్లకు ఒక ఆదివారం, తూకం అయ్యాక ఆవిడ ఒక తోకముక్క నా సంచిలో వేసింది. చెయ్యి అడ్డం పెట్టాను.

"పోయిందా?"

"పోవడమేంటండీ, పిల్లల్ని చేసింది. గట్టుమీద కుప్పలుగా ఉన్నాయి. ఇది దాని తరఫున."

లెక్క చెప్పేస్తాను. ఖర్చు: కంకిపాడు టీలు, గోనెలు, ఒకటి తర్వాత ఒకటిగా రెండు వలలు, ఇన్నేళ్లూ అడగని కొసరు. లారీ కిరాయి వీటిలో మొదటి వలకే సరిపోయింది. జమ: తోకముక్క ఒకటి. ముల్లు తీసేస్తే ఒక ముద్దకొచ్చింది.